లలిత సంగీతం: ఒక రేడియో విభాగం హద్దులు, సడలింపులు

వ్యాససంగ్రహం

తెలుగు ఆకాశవాణి కేంద్రాల్లో ‘లలిత సంగీతం’ ఒక ప్రసార విభాగంగా ఎలా స్థిరపడిందో, దాని హద్దులను ఆ కేంద్రాలే ఎలా సడలించుకున్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది. అమెరికా రేడియోలో వెలసిన ‘స్మూత్ జాజ్’ విభాగంతో పోల్చి చూసినప్పుడు, రేడియో చేసే వర్గీకరణ సంగీత లక్షణాల కన్నా సంస్థ అవసరాల మీద ఎక్కువగా ఆధారపడుతుందని తెలుస్తుంది. లలిత గేయాన్ని సాహిత్య ప్రక్రియగా పరిశీలించేవారు దాని ప్రసార నేపథ్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: లలిత సంగీతం, ఆకాశవాణి, లలిత గేయం, స్మూత్ జాజ్, భక్తిరంజని, బాలాంత్రపు రజనీకాంతరావు, ప్రసార విభాగం.

1. ప్రవేశిక

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నడుమ ఉన్న గంగవరం వంటి ఊళ్లు మూడు భాషల సరిహద్దుకు దగ్గరగా ఉంటాయి. మీడియం వేవ్ రేడియో కాలంలో ఈ ప్రాంతం కడప, బెంగళూరు, మద్రాసు కేంద్రాల నడుమ ఉండేది. ముల్లును 900 కిలోహెర్ట్జ్ దగ్గర నిలిపితే కడప, 612 దగ్గర నిలిపితే బెంగళూరు, 720 దగ్గర నిలిపితే మద్రాసు. శాస్త్రీయ కచేరీ కాకుండా, సినిమా పాటా కాకుండా, ఒక కవి రాసిన గేయానికి కొత్తగా వరుస కట్టి పాడించే కార్యక్రమం ఈ మూడు భాషల రేడియోలోనూ ఉంది. తెలుగులో దాన్ని ‘లలిత సంగీతం’ అన్నారు. కన్నడంలో ‘సుగమ సంగీత’ అన్నారు. తమిళంలో ‘మెల్లిసై’ అన్నారు.

ఈ మూడు పేర్లకూ ఒక పోలిక ఉంది. లలితం అంటే సుకుమారమైనది. సుగమం అంటే తేలికగా నడవదగినది. మెల్లిసై అంటే మెత్తని సంగీతం. మూడూ పాట వినేవారికి కలిగే అనుభూతిని చెబుతున్నాయే తప్ప, పాట నిర్మాణాన్ని గురించి ఏమీ చెప్పడం లేదు. కృతి అనగానే పల్లవి, అనుపల్లవి, చరణం అనే అమరిక గుర్తుకు వస్తుంది. పదం, జావళి, దరువు అన్నప్పుడు కూడా ఏదో ఒక నిర్మాణ లక్షణం స్ఫురిస్తుంది. ‘లలితం’ అన్నప్పుడు అలాంటి లక్షణమేదీ స్ఫురించదు. నిర్మాణ లక్షణం లేని ఈ పేరు అర్ధశతాబ్దానికి పైగా ఒక విభాగంగా ఎలా నిలబడింది? దాని హద్దులను ఎవరు, ఏ పద్ధతిలో నిర్ణయించారు? ఈ ప్రశ్నలకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. పేరు పుట్టిన చోటు: ఒక పోలిక

రేడియో అవసరం నుంచి సంగీత విభాగం పుట్టడం తెలుగుకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. అమెరికాలో ‘స్మూత్ జాజ్’ చరిత్ర దీనికి స్పష్టమైన ఉదాహరణ. 1987 ఫిబ్రవరి 14న లాస్ ఏంజెలెస్‌లో, అంతవరకు రాక్ సంగీతం వినిపించిన ఒక ఎఫ్.ఎం. కేంద్రం ‘ది వేవ్’ అనే పేరుతో కొత్త అవతారం ఎత్తింది. మృదువైన వాద్య సంగీతాన్ని, నెమ్మదిగా సాగే గాత్రాన్ని కలిపి వినిపించడం దాని పద్ధతి. అప్పటికి ఆ సంగీతానికి నిలకడైన పేరు లేదు. బ్రాడ్‌కాస్ట్ ఆర్కిటెక్చర్ అనే సలహా సంస్థ షికాగోలోని ఒక కేంద్రం కోసం శ్రోతలతో బృంద చర్చలు జరిపినప్పుడు, ఒక శ్రోత నోట వెలువడిన ‘స్మూత్ జాజ్’ అనే మాట ఆ విభాగానికి పేరుగా నిలిచింది.

సంగీతం మాత్రం పేరు కన్నా ముందే ఉంది. వెస్ మాంట్‌గొమరీ 1967లో వెలువరించిన ‘ఎ డే ఇన్ ది లైఫ్’, గ్రోవర్ వాషింగ్టన్ 1980లో వెలువరించిన ‘వైన్‌లైట్’ వంటి ఆల్బమ్‌లు ఆ పేరు పుట్టకముందువి. పేరు వచ్చాక అవి ఆ విభాగానికి పూర్వరూపాలుగా లెక్కకు వచ్చాయి. వాద్యకారులు పెట్టుకున్న పేరు కాకపోవడం వల్ల, ఆ పేరు కింద ఏ పాటను చేర్చాలో నిర్ణయించే అధికారం కార్యక్రమ నిర్వాహకుల చేతిలోనే ఉండిపోయింది. కెన్నీ జీ శాక్సఫోన్ పక్కనే షాడే, అనితా బేకర్ వంటి గాయనుల పాటలు వినిపించాయి. అవి జాజ్ కావని నిర్వాహకులకు తెలుసు. శ్రోత ముల్లు తిప్పకుండా వింటాడా, లేదా అన్నదే వారి కొలమానం.

తెలుగు లలిత సంగీతం కూడా ఇదే విధంగా పేరు కన్నా ముందు పుట్టింది. సాలూరి రాజేశ్వరరావు, ఆర్. బాలసరస్వతీదేవి గ్రామఫోన్ రికార్డుల కోసం పాడిన గీతాలు, భావకవుల గేయాలకు కట్టిన వరుసలు రేడియో విభాగం స్థిరపడక ముందే ప్రచారంలో ఉన్నాయి. రేడియో వాటికి ఒక వేళను, ఒక శీర్షికను, ఒక పారితోషిక పద్ధతిని ఏర్పరచింది. అమెరికాలో మార్కెట్ చేసిన పనిని ఇక్కడ ప్రభుత్వ విధానం చేసింది. రెండింటి మధ్య ముఖ్యమైన భేదం ఇదే.

3. ఆరు గదుల పట్టిక

1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ప్రారంభమైనప్పటి నుంచి తెలుగు పాటకు ఆలిండియా రేడియోలో చోటు దొరికింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం ప్రారంభమైంది. 1950లో హైదరాబాదులోని దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసింది. 1963లో కడప కేంద్రం రాయలసీమకు అందుబాటులోకి వచ్చింది.

ఆకాశవాణి తన సంగీత ప్రసారాలను లెక్కించే పద్ధతిలో ఆరు గదులు కనిపిస్తాయి: శాస్త్రీయం, జానపదం, లలితం, భక్తి, సినిమా, పాశ్చాత్యం. ఈ పట్టికలో శాస్త్రీయానికి రాగతాళాల శాస్త్రం ఆధారం. జానపదానికి సమాజం, మౌఖిక సంప్రదాయం ఆధారం. భక్తికి వస్తువు ఆధారం. సినిమా పాటకు మూలం ఆధారం. లలితానికి ఇటువంటి సొంత ఆధారం ఏదీ లేదు. తక్కిన అయిదు గదుల్లో ఇమడనిది లలితం. అంటే ఇది మినహాయింపుల ద్వారా ఏర్పడిన నిర్వచనం.

ఈ మినహాయింపుల్లో అన్నిటికన్నా గట్టిది సినిమా పాటకు సంబంధించినది. 1952 నుంచి 1962 వరకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ సినిమా సంగీతాన్ని రేడియోలో తగ్గించే విధానాన్ని అనుసరించారు. నిర్మాతలతో ఏర్పడిన వివాదం వల్ల ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు నిలిచిపోయాయి. ఆ ఖాళీని పూరించడానికి కేంద్రాల్లో లలిత సంగీత విభాగాలను బలపరిచారు. కవుల చేత గేయాలు రాయించడం, నిలయ కళాకారుల చేత వరుసలు కట్టించడం విధానంలో భాగమయ్యాయి. శ్రోతలు మాత్రం సినిమా పాటల కోసం రేడియో సిలోన్ వైపు మళ్లారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభమై సినిమా పాటకు మళ్లీ చోటిచ్చింది.

ఈ క్రమాన్ని గమనిస్తే, లలిత సంగీతానికి లభించిన ప్రోత్సాహంలో కొంత భాగం దాని సొంత విలువ కోసం, కొంత భాగం సినిమా పాటకు ప్రత్యామ్నాయంగా లభించిందని స్పష్టమవుతుంది. ప్రత్యామ్నాయంగా నిలబడవలసి వచ్చినది శ్రోతను ఆకర్షించాలి కాబట్టి మరీ శాస్త్రీయం కాకూడదు. విధానానికి లోబడాలి కాబట్టి సినిమా పాటలా వినిపించకూడదు. ఈ రెండు నిషేధాల నడుమ లలిత గీతం తన శైలిని ఏర్పరచుకుంది.

4. హద్దును నిలబెట్టిన పద్ధతులు

హద్దు ఆచరణలోకి రావాలంటే దాన్ని అమలు చేసే పద్ధతులు ఉండాలి. ఆకాశవాణిలో మూడు పద్ధతులు ప్రధానంగా పనిచేశాయి.

మొదటిది ఆడిషన్. శాస్త్రీయ సంగీతానికీ లలిత సంగీతానికీ వేరువేరుగా ఆడిషన్ జరుగుతుంది. గ్రేడులు కూడా వేరువేరుగా ఇస్తారు. ఒకే గాయని కర్ణాటక సంగీతంలో ఒక శ్రేణిలోను, లలిత సంగీతంలో మరొక శ్రేణిలోను ఉండవచ్చు. శ్రీరంగం గోపాలరత్నం వంటి విదుషీమణి శాస్త్రీయ కచేరీలోను, ఎంకిపాటల్లోను సమానంగా పేరు పొందారు. గొంతు ఒకటే అయినా గది మారినప్పుడు గానపద్ధతి మారుతుంది. గమకం తగ్గుతుంది, స్వరకల్పన ఉండదు, మాట స్పష్టంగా వినిపించడం ముఖ్యమవుతుంది. ఈ విధంగా ‘లలితం’ అనే మాటకు ఆచరణలో ఒక అర్థం ఏర్పడింది: సాహిత్యాన్ని మరుగుపరచని సంగీతం.

రెండవది వాద్యం. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం సుమారు మూడు దశాబ్దాలు కొనసాగింది. తెలుగు రంగస్థల పద్యానికి హార్మోనియం ప్రాణాధారం. రేడియోలో అది లేకపోవడం వల్ల లలిత గీతం వేణువు, వయొలిన్, వీణ, తబలా వంటి వాద్యాల మీద ఆధారపడింది. ఫలితంగా నాటక పద్యపు సాగదీత నుంచి, ఎత్తుగడ నుంచి రేడియో పాట దూరంగా జరిగింది. ఎక్కడా నిర్వచనంలో రాయని ఈ వాద్య నియమం శైలిని నిర్ణయించిన అంశాల్లో ఒకటిగా పరిగణించదగినది.

మూడవది కాలపరిమితి. 78 వేగపు గ్రామఫోన్ రికార్డు ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాల పాటను మాత్రమే పట్టేది. రేడియోకు ఈ పరిమితి లేకపోయినా, కార్యక్రమాల మధ్య వేళలు చిన్నవి. పల్లవి, రెండు మూడు చరణాలు, మధ్యలో కొద్దిపాటి వాద్య సంగీతం అన్న అమరిక స్థిరపడింది. పుస్తకంలో ఎనిమిది చరణాలున్న గేయం రేడియోలో మూడు చరణాలుగా వినిపించడం దీని పర్యవసానమే.

5. హద్దు సాగిన తీరు

హద్దు ఎంత గట్టిగా ఉన్నా, రోజూ ప్రసారం చేయవలసిన కేంద్రానికి పాటలు నిరంతరం కావాలి. ఈ అవసరమే సడలింపులకు దారితీసింది.

మొదటి సడలింపు భక్తి వైపు జరిగింది. విజయవాడ కేంద్రం ఉదయ వేళ ప్రసారం చేసిన ‘భక్తిరంజని’ తెలుగువారి ఇళ్లలో దినచర్యలో భాగమైంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారి కృషితో రూపుదిద్దుకున్న ఈ కార్యక్రమంలో రామదాసు కీర్తనలు, తత్త్వాలు, స్తోత్రాలు వినిపించాయి. పట్టికలో ఇది భక్తి గదికి చెందినది. పాడినవారు, వాయించినవారు, వరుసలు కట్టినవారు మాత్రం చాలావరకు లలిత సంగీతానికి చెందినవారే. భజన గోష్ఠిలో గుంపుగా పాడుకునే కీర్తన, మైకు ముందు మెత్తగా పాడే కీర్తనగా మారడంలో లలిత పద్ధతి ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది.

రెండవ సడలింపు జానపదం వైపు జరిగింది. నండూరి సుబ్బారావు ఎంకిపాటలు 1925లో పుస్తకంగా వెలువడ్డాయి. వాటి భాష పల్లెవారిది. భావం భావకవిత్వానికి చెందినది. కర్త చదువుకున్న కవి. సంకలనకర్త సేకరించిన జానపద గేయం కాదు కాబట్టి జానపద గదిలో చేరదు. రేడియోలో వీటికి లలిత సంగీతం ఆశ్రయమిచ్చింది. కర్త ఎవరో తెలిసిన పల్లెపాటకు అప్పటి పట్టికలో మరో చోటు లేదు.

మూడవది దేశభక్తి వైపు. 1941లో మద్రాసు కేంద్రంలో చేరిన రజనీకాంతరావు స్వాతంత్ర్యోదయాన్ని స్వాగతిస్తూ రాసి స్వరపరచిన ‘మాదీ స్వతంత్ర దేశం’ టంగుటూరి సూర్యకుమారి గళంలో ప్రసారమైంది. ఇది సుకుమారమైన పాట కాదు. ఉత్సాహంతో సాగే బృందగానానికి అనువైనది. లలితం అనే మాటకు నిఘంటువు అర్థం వర్తించకపోయినా విభాగం అర్థం వర్తించింది.

నాల్గవది గృహజీవితం వైపు. పాలగుమ్మి విశ్వనాథం రాసి స్వరపరచగా వేదవతీ ప్రభాకర్ పాడిన ‘అమ్మదొంగా’ ఒక తల్లి తన బిడ్డతో చెప్పుకునే మాటలు. ప్రణయం, ప్రకృతి ప్రధానంగా నడిచిన భావగీతాన్ని ఈ పాట ఇంటి లోపలికి తెచ్చింది. ‘ఈ మాసపు పాట’, ‘ఈ పాట నేర్చుకుందాం’ వంటి కార్యక్రమాలు శ్రోతను పాడేవారిగా మార్చాయి. ఈ మార్పుతో మరొక నియమం ఏర్పడింది: శాస్త్రశిక్షణ లేని గొంతు కూడా నేర్చుకోగల వరుసే లలితం.

అయిదవది అన్నిటికన్నా సున్నితమైనది. సినిమా హద్దుకు సంబంధించినది. చిత్తూరు జిల్లా కవి శంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగు తల్లికి’ గీతాన్ని 1942 నాటి ‘దీనబంధు’ చిత్రం కోసం రాశారు. ఆ చిత్రంలో చేరకపోయినా, సూర్యకుమారి పాడిన గ్రామఫోన్ రికార్డు ద్వారా అది ప్రజల్లోకి వెళ్లి, 1975లో రాష్ట్రగీతంగా గౌరవం పొందింది. సినిమాలో చేరి ఉంటే అది సినిమా పాటగానే లెక్కకు వచ్చేది. దీనికి ఎదురు దిశలో, దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసిన ‘జయజయ ప్రియభారత’ దశాబ్దాల పాటు రేడియోలోను, పాఠశాలల్లోను వినిపించిన తరువాత 1986లో ‘రాక్షసుడు’ చిత్రంలో చేరింది. రెండు పాటల్లోనూ సాహిత్య లక్షణాలు మారలేదు. అవి చేరిన చోటు మాత్రమే మారింది. సినిమా పాటను మినహాయించే నియమం పాట లక్షణాన్ని కాక పాట ప్రయాణాన్ని కొలుస్తుందని ఈ రెండు ఉదాహరణలు నిరూపిస్తాయి.

6. సడలింపు ఆగిన చోటు

స్మూత్ జాజ్ హద్దులను సాగదీసిన కొలమానమే దాని పతనానికీ కారణమైంది. మొదట శ్రోతలు తాము విన్న కేంద్రాలను డైరీలో రాసి పంపేవారు. 2007, 2008 ప్రాంతంలో పెద్ద నగరాల్లో పోర్టబుల్ పీపుల్ మీటర్ అనే పరికరం వాడుకలోకి వచ్చింది. శ్రోత చెప్పినది కాక, అతని చెవిన పడినది అది నమోదు చేసింది. కొత్త లెక్కల్లో స్మూత్ జాజ్ కేంద్రాల స్థానం దిగజారింది. 2008లో న్యూయార్క్ కేంద్రం, 2009లో షికాగో కేంద్రం ఆ విభాగాన్ని విడిచిపెట్టాయి. ‘ది వేవ్’ క్రమంగా సోల్ గాత్రం వైపు మళ్లింది. కొలిచే సాధనం మారగానే విభాగమే కరిగిపోయింది.

తెలుగు లలిత సంగీతం శ్రోతల లెక్క మీద ఆధారపడలేదు కాబట్టి అటువంటి ఆకస్మిక పతనం దానికి కలగలేదు. అయితే దాని ఆధారం కూడా ఒక్కటే: కేంద్రంలో పనిచేసే స్వరకర్త, నిలయ వాద్యబృందం, గేయం రాయించే ప్రయోక్త. విజయవాడలో రజనీకాంతరావు, హైదరాబాదులో దాశరథి, మహాభాష్యం చిత్తరంజన్ వంటివారు ఆ స్థానాల్లో ఉన్నంతకాలం విభాగం సజీవంగా సాగింది. మనుషుల మీద నిలిచిన విభాగం మనుషులు తగ్గినప్పుడు పాత రికార్డుల పునఃప్రసారానికి పరిమితమవుతుంది. సినిమా పాటే ఆధారంగా నడిచే ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాల పట్టికలో ఈ గదికి చోటే లేదు.

సరిహద్దుకు అవతల జరిగిన పరిణామం ఇక్కడ పోల్చదగినది. కన్నడంలో నిసార్ అహమద్ కవితలతో 1978లో వెలువడిన ‘నిత్యోత్సవ’ కేసెట్ సుగమ సంగీతాన్ని రేడియో గదిలోంచి బయటకు తెచ్చింది. కవి పేరు, స్వరకర్త పేరు కేసెట్ మీద అచ్చయి ఇంటింటికీ చేరాయి. తెలుగులో కేసెట్ వ్యాపారం భక్తి గీతానికి విరివిగా ఆశ్రయమిచ్చినంతగా కవుల లలిత గేయానికి ఇవ్వలేదు. అందువల్ల తెలుగు లలిత గీతం తనను పుట్టించిన సంస్థను దాటి బతకడానికి తగిన మార్గాలు తక్కువయ్యాయి.

7. సాహిత్య పరిశోధనకు దీని ప్రాసంగికత

లలిత గేయాన్ని గురించిన అధ్యయనాలు సాధారణంగా వస్తువు, శైలి, ఛందస్సు, భావుకత అనే అంశాల చుట్టూ సాగుతాయి. పై పరిశీలన ఆధారంగా మరికొన్ని ప్రశ్నలు చేర్చుకోవలసి ఉంది.

మొదటిది, పాఠనిర్ణయం. సంపుటిలో అచ్చయిన గేయానికీ, ప్రసారమైన గేయానికీ చరణాల సంఖ్యలో, కొన్నిసార్లు మాటల్లో తేడా ఉండవచ్చు. పరిశోధకులు ఏ పాఠాన్ని ఆధారంగా తీసుకున్నారో స్పష్టం చేయాలి. రెండవది, కర్తృత్వం. గేయ సంపుటులు కవి పేరును నిలుపుతాయి; వరుస కట్టినవారి పేరు చాలాసార్లు జారిపోతుంది. ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రచనకు 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన రజనీకాంతరావు, స్వయంగా గేయకర్తగా, స్వరకర్తగా పనిచేయడం యాదృచ్ఛికం కాదు. మాటనూ వరుసనూ విడదీయని వాగ్గేయకార సంప్రదాయానికి కొనసాగింపుగా రేడియో గేయాన్ని చూడవచ్చని ఆయన కృషి సూచిస్తుంది. మూడవది, కాలనిర్ణయం. గేయం రాసిన తేదీ, ప్రసారమైన తేదీ, అచ్చయిన తేదీ వేరువేరు. స్వాతంత్ర్య దినోత్సవం, పండుగలు, ఋతువుల వంటి ప్రసార సందర్భాలు గేయవస్తువును ఎంతవరకు నిర్ణయించాయో తెలియాలంటే ఈ మూడు తేదీలూ కావాలి.

నాల్గవది, అన్నిటికన్నా తొందరపెట్టేది: ఆధారాల సేకరణ. లలిత గీతం అచ్చులో సగమే దొరుకుతుంది; మిగిలిన సగం ధ్వనిలో ఉంది. కేంద్రాల్లోని టేపులు, పాడినవారి చేతిరాత పుస్తకాలు, నేర్చుకున్న శ్రోతల జ్ఞాపకాలు దీనికి ఆకరాలు. ‘ఈ పాట నేర్చుకుందాం’ విని నోటుపుస్తకాల్లో రాసుకున్న తరం నేడు వృద్ధాప్యంలో ఉంది. కడప కేంద్రం వినిన మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల గ్రామాల్లో ఇటువంటి నోటుపుస్తకాలను, పాడగల గొంతులను వెతకడం తెలుగు శాఖలు చేపట్టదగిన క్షేత్రపర్యటన. జానపద గేయ సేకరణకు అనుసరించిన పద్ధతులే దీనికీ పనికివస్తాయి. కవి పేరు ఎరిగి కూడా సేకరించవలసి రావడం ఇక్కడి ప్రత్యేకత.

ముగింపు

లలిత సంగీతం, స్మూత్ జాజ్ రెండూ వినేవారి అనుభూతిని సూచించే పేర్లతో వెలసిన రేడియో విభాగాలు. రెండింటికీ సొంత నిర్మాణ లక్షణం లేకపోవడం లోపంగా కనిపించినా, అదే వాటి సడలింపుకు వీలు కల్పించింది. భక్తి, జానపదం, దేశభక్తి, గృహజీవితం లలిత సంగీతంలోకి వచ్చినది ఈ వీలు వల్లనే. ఆడిషన్, వాద్య నియమం, కాలపరిమితి అనే పద్ధతులు నిర్వచనం చేయవలసిన పనిని చేశాయి. ఒక్క సినిమా హద్దు మాత్రం విధానం వల్ల గట్టిగా నిలిచినా, అది కూడా పాట లక్షణాన్ని కాక పాట చేరిన చోటును బట్టే పనిచేసింది. కాబట్టి ‘లలిత గేయం అంటే ఏమిటి’ అనే ప్రశ్నకు లక్షణ గ్రంథంలో కన్నా ప్రసార పట్టికలో, ఆడిషన్ గదిలో, శ్రోత నోటుపుస్తకంలో ఎక్కువ సమాధానం దొరుకుతుంది. ఆ ఆధారాలు అందుబాటులో ఉండగానే వాటిని నమోదు చేయడం తెలుగు పరిశోధన ముందున్న కర్తవ్యం.